సగంలో ఆగిన ముల్లు

నందిగామ బస్సు కోసం జగ్గయ్యపేటలో నిలబడి ఉంటే ఒక పికప్ బండి నా ముందు ఆగింది. డ్రైవర్ పక్కన అతని భార్య, నిండు గర్భిణి, పళ్లు బిగబట్టి కూర్చుంది.

"నొప్పులొస్తున్నాయండి. నందిగామ ఆసుపత్రికి తీసుకెళ్తున్నా. తోడు ఆడవాళ్లెవరూ లేరు, కాస్త ఎక్కండక్కా" అన్నాడు. ఎక్కాను.

హైవే మీద కొంత దూరం పోయాక ఇంజన్ ఆగిపోయింది. డీజిల్ ముల్లు మాత్రం సగం ట్యాంకు చూపిస్తోంది.

"అదెప్పుడూ అంతేనండి. కంగారులో పోయించడం మర్చిపోయా" అన్నాడు. ఆమె గోళ్లు నా మణికట్టులో దిగాయి.

పక్క మిరప చేలో ట్రాక్టరు దగ్గర ఒకాయన ఇటే చూస్తున్నాడు. పిలవమంటే డ్రైవర్ కదల్లేదు.

"మా అన్నయ్యండి. మాకు మాటల్లేవు. డీజిల్ కావాలని మీరు చెప్పండి."

నేను కేకేసి చెప్పగానే ఆయన ట్రాక్టరులోంచి డీజిల్ తీసి క్యానుతో వచ్చాడు. నా వైపే చూస్తూ, "ఆ ముల్లుని నమ్మొద్దని, వేరుపడి బండి తీసుకెళ్లిన రోజే చెప్పానని చెప్పమ్మా" అన్నాడు. అడుగు దూరంలో ఉన్న తమ్ముడికి నేను చెప్పాలట.

ఇద్దరూ ఒకే బానెట్ కింద తలలు దూర్చి, మాటాపలుకూ లేకుండా డీజిల్ పోసి, పైపులో చేరిన గాలి తీశారు. బండి కదిలేముందు ఆయన తన నంబరు నాకిచ్చాడు.

ఆసుపత్రి వరండాలో పాప ఏడుపు వినిపించాక తమ్ముడు నా దగ్గరికొచ్చాడు.

"పెదనాన్న అయ్యాడని చెప్పండక్కా."

నాకు విసుగొచ్చింది. నంబరు నొక్కి ఫోను అతని చేతిలోనే పెట్టేశాను. అవతల ఎత్తారు. అతను ఫోను చెవికి ఆనించుకున్నాడు.

"అన్నయ్యా, పాప" అన్నాడు.