కుందేలు మేస్త్రి పథ్యం

వీధిలో ఎవరింట్లో గ్యాసు పొయ్యి మొరాయించినా పరుగున వచ్చేది మేస్త్రి దగ్గరికే. బర్నరు విప్పి, లోపలి సన్నటి బెజ్జంలో పిన్ను పెట్టి నాలుగు తిప్పులు తిప్పాడంటే, అప్పటిదాకా పచ్చగా ఎగిరెగిరిపడి గిన్నెలన్నీ మసి చేసిన మంట నీలంగా, బుద్ధిగా వెలగాల్సిందే. అంతటి మేస్త్రి ఇంట్లో పొయ్యి వెలగక రెండేళ్ళు దాటింది. చెడిపోయి కాదు. ఆయన వండుకోడు. అన్నీ పచ్చివే తింటాడు. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నారు జనం. అని ఊరుకున్నారా? కుందేలు మేస్త్రి అని పేరు కూడా పెట్టారు.

ఆయన కొట్టు పక్కనే టీకొట్టు. షట్టరు ఎత్తిన చప్పుడు కాగానే టీకొట్టాయన మొదలుపెడతాడు.

"ఏం మేస్త్రీ, పొద్దున్నే ఏ తోట మేసొచ్చావ్?"

"నీ టీ తాగి కడుపు మాడ్చుకునేదానికంటే తోట మేయడమే నయంలేవయ్యా" అంటాడు మేస్త్రి, పిన్నులు వరసగా పరుచుకుంటూ.

వేళాకోళం చేసినవాళ్ళే తర్వాత మెల్లగా పక్కకి చేరి, "అసలేం తింటారు మేస్త్రిగారూ? నాకూ ఈ పొట్ట కాస్త తగ్గాలి" అని గొణుగుతారు. అప్పుడు చూడాలి ఆయన ముఖం! పొయ్యి గురించి చెప్పేటప్పుడు కూడా అంత శ్రద్ధ ఉండదు. రాత్రి పడుకోబోయే ముందు గుప్పెడు వేరుశెనగపప్పు నీళ్ళలో పడేస్తే తెల్లారేసరికి బాదంపప్పులా మెత్తబడుతుందనీ, దానికో అరటిపండు తోడైతే మధ్యాహ్నం దాకా ఆకలి మాటే ఉండదనీ చెబుతాడు. దోసకాయ గింజల్ని చెంచాతో గీకెయ్యాలట, లేకపోతే ముక్కలు నీరుకారి నీళ్ళచప్పగా అయిపోతాయట. క్యారెట్టు తురిమి, పైన కాస్త కొబ్బరి తురిమి, ఉప్పు చల్లి నిమ్మకాయ పిండుకుంటే అదే భోజనం. పెసలు తడిగుడ్డలో మూటకడితే వాటంతటవే మొలకలొస్తాయి, మనం చేసేదేముంది, మూట విప్పడమే కదా అంటాడు. "మీరు చేతులు కడుక్కుని వచ్చేలోగా నా వంట అయిపోతుంది" అని నవ్వుతాడు.

"మరి ఉల్లిపాయ?" అని ఎవరైనా అడిగితే మాత్రం తల అడ్డంగా ఊపేస్తాడు. ఉల్లిపాయ ఆ ఇంటి గడప తొక్కదు.

చెప్పినంత సేపూ బాగానే ఉంటుంది. ఇంటికి వెళ్ళాకే అసలు సంగతి. పచ్చివి తినడంలో ఒక చిక్కుంది, నమలాలి. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని నమిలితే అది భోజనం. ఒక్కడే కూర్చుని నమిలితే ఆ కరకర ఇల్లంతా వినిపిస్తుంది. మేస్త్రి రేడియో పెద్దగా పెట్టుకుని తింటాడు. వంట లేని ఇంట్లో అంట్లు ఉండవు, అంట్లు తోమే పని ఉండదు, అన్నం ఉడికిందా లేదా అని మూత తీసి చూసే పని ఉండదు. చేతులు ఊరికే ఉండిపోతాయి. మంచం మీద కూర్చుని, పక్కనున్న ఖాళీ మంచాన్ని చూస్తాడు. దాని మీద దుప్పటి ఇంకా మడత పెట్టే ఉంది. అంత ఒంటరితనం పగవాడికి కూడా వద్దు.

ఆయన అక్క ఫోను చేసిన ప్రతిసారీ అదే పాట.

"ఒరేయ్ తమ్ముడూ, ఇంకా ఆ గడ్డేనా? ఎముకల గూడైపోతున్నావంట. ఇంత అన్నం ఉడకేసుకోవడానికి ఏం మాయరోగంరా నీకు?"

"నాకిదే ఒంటికి పడిందక్కా."

"పడింది, పడింది. మాట కూడా పీలగా వస్తోంది."

అక్కకి ఏమని చెబుతాడు? పథ్యం ఒంటి కోసం కాదని, పోయిన భార్య కోసమని చెబితే, ముందు ఏడ్చి తర్వాత తిడుతుంది.

భార్యకి జబ్బు చేసి, ఆసుపత్రిలో ఆ ఘాటు మందులు ఎక్కించడం మొదలుపెట్టాక, వంట వాసన తగిలితే చాలు, పేగులు నోట్లోకొచ్చేలా వాంతులయ్యేవి. అన్నం ఉడికే వాసనైనా అంతే. పొయ్యి ఆర్పేశాడు మేస్త్రి. కానీ ఆవిడ ఊరుకుంటేగా! "నా మూలంగా మీరెందుకండీ మాడటం? బయటైనా తినేసి రండి" అని ఒకటే పోరు. నిజం చెబితే వినదు. అందుకని ఒకరోజు సాయంత్రం ముఖం వేలాడేసుకుని వచ్చి, "నాకు షుగరొచ్చిందే. పచ్చివి తప్ప ఇంకేం ముట్టుకోవద్దన్నాడు డాక్టరు" అని అబద్ధం చెప్పేశాడు. పచ్చి అబద్ధం. ఆవిడ ఆ రాత్రి కళ్ళనీళ్ళు పెట్టుకుంది కానీ, బయట తినమనడం మాత్రం మానేసింది. ఇద్దరూ ఒకే పళ్ళెంలో తిన్నారు. ఆవిడ నోరు పూసిపోయి ఉండేది కాబట్టి దోసకాయని సన్నగా, దారప్పోగుల్లా తరిగేవాడు. అరటిపండు ఆవిడకి పెట్టి తను పప్పులు నమిలేవాడు. షుగరున్నవాడు అరటిపండు తింటే దొరికిపోడూ!

ఆవిడ పోయింది. మిగిలిన మనిషికి ఒక్కటే ఊరట మిగిలింది. నా చేతిలో ఏముందో అది చేశాను, పోయేదాకా ఒక్క వాసన తగలనివ్వలేదు అనుకుంటాడు. ఈ ఒక్క మాట పట్టుకునే ఆయన పొద్దున్న లేస్తున్నాడు. పొయ్యి వెలిగిస్తే ఆ మాట కూడా చెయ్యి జారిపోతుందని భయం.

దాని కోసం పొరుగింటి టైలరమ్మతో గొడవ కూడా పడ్డాడు. టైలరమ్మది కుట్టుపని. ఒంటరి మనిషే. సందుకి అవతల ఆవిడ వంటింటి కిటికీ, ఇవతల వీళ్ళ పడకగది కిటికీ. చెయ్యి చాపితే అగ్గిపెట్టె అందుతుంది. భార్య పూర్తిగా మంచం పట్టాక, ఒక మధ్యాహ్నం మేస్త్రి ఏదో మరిచిపోయి ఇంటికొచ్చేసరికి గదినిండా ఉల్లిపాయలు వేగిన వాసన. ఒళ్ళు మండిపోయింది. తిన్నగా టైలరమ్మ గుమ్మం ముందుకెళ్ళి, "మనిషి ప్రాణం మీదికొచ్చి ఉంటే నీకు ఉల్లిపాయల వేపుళ్ళు కావాల్సొచ్చాయా? కిటికీ మూసి ఏడవచ్చుగా? ఇక నా గడప తొక్కావంటే మర్యాద దక్కదు" అని వీధంతా వినేలా అరిచాడు. ఆవిడ ఒక్క మాట ఎదురు చెప్పలేదు. లోపల్నించి భార్య నీరసంగా "వదిలెయ్యండి" అంటూనే ఉంది.

ఆ తర్వాత కూడా సాయంత్రాలు వచ్చేసరికి తన కిటికీ తెరుచుకుని ఉండటం చూసి, గడియ వదులైందనుకున్నాడు. మేస్త్రి కదా, పని తెలిసినవాడు. స్క్రూలు బిగించి, సుత్తితో రెండు దెబ్బలు వేసి గడియని కదలకుండా కూర్చోబెట్టాడు. ఇక గాలికి కాదు కదా, గట్టి మనిషి రెండు చేతులా లాగితే తప్ప రాదు. మళ్ళీ తెరుచుకోలేదు.

అప్పట్నించీ రెండిళ్ళ మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. అలాంటిది ఒకరోజు టైలరమ్మే కొట్టు ముందుకొచ్చి నిలబడింది. మేస్త్రి వైపు చూడకుండా టీకొట్టాయనతో, "అన్నా, మీ పక్కాయనకి ఖాళీ ఉందేమో కనుక్కో. నా స్టవ్వు వెలగట్లేదు. తెలిసినవాళ్ళ చేత బాగుచేయిస్తే ఉన్నది కూడా పోయింది" అంది.

టీకొట్టాయన మూరెడు దూరంలో ఉన్న మేస్త్రి వైపు తిరిగి, "పక్కాయనా, ఖాళీ ఉందా?" అన్నాడు గంభీరంగా.

మేస్త్రికి నవ్వొచ్చింది. నవ్వితే కోపం పోయినట్టవుతుందని ఆపుకున్నాడు. "వస్తానని చెప్పు" అన్నాడు.

టైలరమ్మ వంటిల్లు చిన్నది. పొయ్యి గట్టు పక్కన ఒక స్టూలు, దానిమీద గుడ్డముక్కలు అతికి కుట్టిన మెత్త. మేస్త్రి దానిమీద కూర్చుని బర్నరు విప్పాడు. తెలిసినవాళ్ళెవరో బెజ్జంలో పుల్ల విరగ్గొట్టి వదిలేశారు. "దీనికంటే సమ్మెటతో కొట్టినా బాగుండేది" అని సణుక్కుంటూ తీశాడు. కాసేపటికి నీలం మంట గుండ్రంగా లేచింది.

"నిలకడగా ఉందో లేదో చూస్తాను" అని టైలరమ్మ మూకుడు పెట్టి, నూనె పోసి, తరిగిన ఉల్లిపాయలు వేసింది. చుయ్యిమంది. మేస్త్రి గబుక్కున లేచి సంచి సర్దుకోబోయాడు.

"కూర్చోండి అన్నయ్యగారూ. ఎలాగూ వచ్చారు. వేడన్నం ఉంది, ఒక్క ముద్ద తినండి" అంది ఆవిడ, వెనక్కి తిరగకుండానే.

"నాకు పథ్యం."

"ఇంకా తగ్గలేదా షుగరు?"

"ఎవరికి షుగరు?" అన్నాడు మేస్త్రి.

టైలరమ్మ గరిటె పట్టుకుని అలాగే తిరిగింది. "అదేంటి? మీకేగా! వదిన ఎన్నిసార్లు చెప్పిందో."

అప్పటికి గుర్తొచ్చింది తన అబద్ధం. "ఆ... నాకే, నాకే. మా ఆవిడ నీతో ఎప్పుడు చెప్పింది?"

"ఎప్పుడేముంది, రోజూ వచ్చేదిగా." ఆవిడ మంట తగ్గించింది. "మీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది. ఇంకా ఎన్నాళ్ళు దాచను? ఆ మందులు ఆపేశాక వదినకి వాసనలు పడటం మొదలైంది అన్నయ్యగారూ. వేడన్నం, మాడీ మాడని ఉల్లిపాయలు, ఇవే కావాలని ప్రాణం పీకేది. మీరు అలా కొట్టుకెళ్ళగానే ఇలా వచ్చేది. మీరు కూర్చున్నారే, ఆ స్టూలు మీదే. మెత్త ఆవిడ కోసమే కుట్టాను, ఎముకలు ఒత్తుకుంటున్నాయంటే."

"నాతో చెప్పొచ్చుగా!" అన్నాడు మేస్త్రి. "చెబితే వండిపెట్టనా?"

"నేనూ అదే అన్నాను. 'వద్దొద్దు, ఆయనకసలే షుగరు. ఇంట్లో పొయ్యి వెలిగితే ఆయన నోరు కట్టుకోలేరు, నా సంగతి సరే, ఆయన ఎక్కువకాలం ఉండాలి' అనేది. పచ్చివి మీతో కలిసి తిన్నట్టు తినేసి, ఇక్కడికొచ్చి రెండు ముద్దలు తినేది. మంచం దిగలేకపోయాక నేనే గిన్నెలో పట్టుకొచ్చేదాన్ని, పైట చాటున."

తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడు ఉంటాడంటారు. మేస్త్రి తను ఒక్కడే అబద్ధం చెప్పాననుకున్నాడు, ఇన్నాళ్ళూ. "అంటే ఆ రోజు వాసన..."

"మీ ఇంట్లోదే. మంచం కింద గిన్నె ఉంది."

"నేనన్ని మాటలంటుంటే నోరు మూసుకుని ఎందుకున్నావమ్మా?"

"ఒట్టేశాను కదా. అయినా, బాధలో ఉన్నవాళ్ళ మాటలు పట్టించుకుంటామా?" టైలరమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "గడప తొక్కొద్దన్నారు, తొక్కలేదు. వదిన మాత్రం మధ్యాహ్నం పడుతూ లేస్తూ మంచం పక్కనున్న కిటికీ తీసేది. నేను ఇవతల ఉల్లిపాయలు వేయించేదాన్ని. 'తినకపోతే మానె, వాసనొస్తే చాల్లే' అనేది. కొన్నాళ్ళకి తీయడం మానేసింది. అద్దంలోంచి గడియ దగ్గర చెయ్యి కనబడేది, మళ్ళీ కిందికి వెళ్ళిపోయేది. పాపం, ఓపిక అయిపోయిందనుకున్నాను."

మేస్త్రి సంచి అందుకున్నాడు. ఆ స్టూలు వైపు ఒకసారి చూశాడు. పిన్నులు సంచిలో వేసుకున్నాడు, ఒకటి కింద పడితే తీసుకోలేదు. టైలరమ్మ "అన్నయ్యగారూ, అన్నం" అంటుండగానే బయటికొచ్చేశాడు.

తిన్నగా పడకగదిలోకి వెళ్ళి చెప్పులు కూడా విడవకుండా కిటికీ ముందు నిలబడ్డాడు. గడియ రాలేదు. రెండు చేతులా లాగినా రాలేదు. ఎంత గట్టిగా బిగించాడో, ఎంత పనివాడో! కిరసనాయిలు చుక్కలు వేసి, స్క్రూలు ఒక్కొక్కటీ తిప్పి, చివరికి గడియని కిటికీ చట్రంలోంచి ఊడబెరికేశాడు. వేళ్ళు గీరుకుని నెత్తురొచ్చింది. రెక్కలు బార్లా తెరుచుకున్నాయి.

సందుకి అవతల నుంచి ఉల్లిపాయల వాసన వచ్చింది. ఎర్రగా వేగి, అంచులు కాస్త మాడిన వాసన. గదంతా నిండింది.

మేస్త్రి ఊడిన గడియ చేతిలో పట్టుకుని ఆ ఖాళీ మంచం అంచున కూర్చున్నాడు. మడత పెట్టిన దుప్పటి మీద చెయ్యి వేశాడు. ఏడుపు తన్నుకొచ్చింది, ఆపుకోలేదు.

"నాకు షుగరు లేదే, పిచ్చిదానా" అన్నాడు.