సాబ్ పేంటు ఇంకా ఆరలేదు

ఆ రోజుల్లో పోర్ట్ బ్లెయిర్‌లో మగవాడికి రెండు జతల బట్టలుంటే కలిగినవాడి కిందే లెక్క. ఒకటి ఒంటిమీద, ఒకటి దండెం మీద. (వానాకాలంలో ఒంటిమీదది ముందు ఆరేది.) అలాంటి కాలంలో నేను గోల్ఫ్ ఆడటానికని బట్టలు సమకూర్చుకోవడానికి బయలుదేరానంటే ఇప్పుడు తలుచుకుంటే నాకే నవ్వొస్తుంది. ఇంతకీ నేనెవర్ని? శ్రీకాకుళం ఒడ్డు నుంచి వచ్చి ఇక్కడ సముద్రం పక్కన ఇల్లు కట్టుకున్న చేపలవాళ్ళ అబ్బాయిని. నాలుగు ముక్కలు చదువుకుని, టైపు నేర్చుకుని, ఒక ఆఫీసులో టెంపరరీ గుమాస్తాగా చేరాను. ఆ ఉద్యోగం పోతే మళ్ళీ నాన్నతో పడవెక్కాలి. నాకేమో పడవెక్కితే వాంతులు. చేపలవాడి కొడుక్కి సముద్రం పడదని బయట తెలిస్తే పరువేం కాను? అందుకని ఎలాగైనా పర్మనెంటు కావాలని నా తాపత్రయం.

మా ఆఫీసుకి మెయిన్‌లాండ్ నుంచి కొత్తగా వచ్చిన పెద్ద సాబ్‌కి గోల్ఫ్ పిచ్చి. డెయిరీ ఫార్మ్ వైపు పశువులు మేసే మెరక మీద గడ్డి కోయించి, బంతి పడటానికి భూమిలో పాలడబ్బాలు పాతించి, దాన్నే గోల్ఫ్ గ్రౌండ్ అన్నాడు. (ఆవులు మాత్రం ఒప్పుకోలేదు. రోజూ వచ్చేవి.) ఆదివారం తనతో ఆడినవాళ్ళ మొహాలే సాబ్‌కి గుర్తుంటాయనీ, గుర్తున్నవాళ్ళే పర్మనెంటు అవుతారనీ మా హెడ్ క్లర్కు నా చెవిలో వేశాడు. ఆయన్ని అందరం బడాబాబు అనేవాళ్ళం. ఆట రాకపోయినా పర్వాలేదట, డ్రెస్సు లేకపోతే మాత్రం సాబ్ దగ్గరికి రానివ్వడట. తెల్ల పేంటు, కాలరు చొక్కా, స్వెట్టరు, మేకుల బూట్లు ఉండాలన్నాడు.

నాకున్న జీతానికి ఒక్కో బట్టా నాలుగు చోట్లకి పనికిరావాలి కదా. తెల్ల గుడ్డ ఓడలో వచ్చేదాకా ఆగి, అబర్డీన్ బజారులో దర్జీ భయ్యాకి ఇచ్చి, ఆఫీసుకీ పెళ్ళిళ్ళకీ గోల్ఫ్‌కీ కూడా పనికొచ్చేలా పేంటు కుట్టమన్నాను. మూడింటికీ సరిపోవాలన్నానని కాబోలు, ముగ్గురు పట్టేలా కుట్టాడు. బూట్లు అడవి డ్యూటీ నుంచి రిటైరైన ఒక పోలీసాయనవి. అడుగున మేకులున్నాయి కాబట్టి అవే గోల్ఫ్ బూట్లనుకున్నాను. వాటితో సినిమా హాల్లోకి వెళ్తే తెరమీద మాటలు వినపడలేదని జనం తిట్టారు. స్వెట్టరు డాలీగంజ్‌లో ఉండే మా స్నేహితుడిది. వాడు చర్చిలో పాటలు పాడేవాడు. ఆదివారం పొద్దున్న స్వెట్టరు ప్రభువు సేవకి, సాయంత్రం నా సేవకి అని ఒప్పందం. ఆ ఉక్కలో స్వెట్టరెందుకని వాడూ అడగలేదు, నేనూ ఆలోచించలేదు.

అంతా కుదిరాక, రేపు ఆటకి రమ్మని సాబ్ నుంచి కబురొచ్చింది. ఆ సాయంత్రం ఇంటికెళ్ళేసరికి దండెం మీద పేంటు లేదు. పెరట్లో అమ్మ వలలకి రంగేసే కాగు ముందు కూర్చుని కర్రతో ఏదో తిప్పుతోంది. నూలు వలలు ఉప్పునీళ్ళకి చీకిపోకుండా మడచెట్టు బెరడు కాచి అందులో ముంచడం మా వాళ్ళకి అలవాటు. ఆ కాగులోంచి కర్రకి చుట్టుకుని పైకొచ్చింది నా పేంటు, ఇటుకరాయి రంగులో. నాకు ఏడుపొక్కటే తక్కువ.

"తెల్లగుడ్డ ఈ బురదలో ఎన్నాళ్ళుంటాదిరా? మీ నాన్న వల సూడు, ఎన్నేళ్ళయినా సెక్కు సెదర్లేదు," అంది అమ్మ.

గత్యంతరం లేక మర్నాడు అదే తొడుక్కుని, ఎండిన వల వాసన కొడుతూ వెళ్ళి అందరికీ వెనకాల నిలబడ్డాను. ఆట మొదలైన కాసేపటికే కుంభవృష్టి. సాబ్ జారి పడ్డాడు, బడాబాబు ఆయన్ని లేపబోయి పేడలో పడ్డాడు. వాన వెలిశాక చూస్తే తెల్ల పేంట్లన్నీ చూడలేని స్థితిలో ఉన్నాయి. నేనూ రెండుసార్లు పడ్డాను కానీ, నా పేంటు మీద మరక ఆనలేదు. సాబ్ నన్ను ముందుకి పిలిచి, వంగి మరీ చూసి, ఈ గుడ్డ ఎక్కడిదని అడిగాడు. సరిగ్గా అప్పుడే బంగళాల్లో చేపలమ్మి అడ్డదారిన వస్తున్న మా అమ్మ గంప నెత్తిన పెట్టుకుని అక్కడే ఆగింది.

"కప్‌డా నహీ సాబ్, రంగ్ హై. జాల్ కా రంగ్," అని, గొప్ప గుడ్డది కాదు వల రంగుదంటూ, బెరడు కాచిన సంగతంతా తన హిందీలో విప్పి చెప్పింది. నేను భూమిలో పాతిన పాలడబ్బాలో దూరిపోదామనుకున్నాను. సాబ్ మాత్రం పొంగిపోయి తన పేంట్లకీ ఆ రంగు వేసిపెట్టమని అడిగాడు. మర్నాడే ప్యూను మూట తెచ్చాడు.

వారం గడిచింది. ప్యూను వచ్చాడు. పేంట్లు ఇంకా ఆరలేదంది అమ్మ. మళ్ళీ వచ్చాడు. వానలు కదా, ఆరలేదంది. నిజానికి అవి రెండోరోజే ఆరిపోయి, మడతపెట్టి ఆవిడ తలగడ కింద ఉన్నాయి. సాబ్ ఆదివారాలు ఆఫీసు ఖాకీ నిక్కరుతో ఆడుతున్నాడు. ఇచ్చేయవే అని కాళ్ళావేళ్ళా పడ్డాను.

"నీ పర్మనెంటు కాయితం వొచ్చీదాకా అవి ఆరవు," అంది అమ్మ తాపీగా. ప్యూను మూడోసారి వచ్చినప్పుడు మాత్రం టీ ఇచ్చి, "మావోడి కాయితం ఎప్పుడొస్తాదో అడుగు భయ్యా. ఈలోగా ఎండొచ్చినా రావొచ్చు," అని పంపింది.

ఆ మాట ప్యూను ఎలా చేరవేశాడో కానీ, మర్నాడు సాబ్ నన్ను గదిలోకి పిలిచాడు. ఇంక పడవేనని కళ్ళు మూసుకున్నాను. ఆయన నా ఆర్డరు మీద సంతకం పెట్టి, అందుకోబోయిన నా చేతికి అందకుండా పైకి పట్టుకుని, "ఆజ్ ధూప్ నిక్‌లా క్యా?" అని ఇవాళ ఎండొచ్చిందేమో అడిగాడు. బయట వాన దంచి కొడుతోంది. నిక్‌లా సాబ్ అన్నాను. సాయంత్రానికి పేంట్లు బంగళాకి చేరాయి.

ఆ తర్వాత ఆదివారాలు అధికారులందరూ అదే రంగు. దూరం నుంచి చూస్తే మెరక మీద ఎవరో వలలు ఆరేసినట్టు ఉండేది.

ఇప్పుడు నాకు బీరువా నిండా బట్టలు. మా అబ్బాయి మొన్న గోల్ఫ్ టోపీ కూడా కొనిచ్చాడు, ఆడటానికి మోకాళ్ళే లేవు. మొన్నొక రోజు పాత ట్రంకులో ఆ పేంటు కనిపిస్తే, ముగ్గురు పట్టే పేంటు కదా, నేనొక్కణ్ణి పట్టనా అని ఎక్కించబోయాను. నడుం దగ్గర ఆగిపోయింది. గుడ్డ పల్చబడింది కానీ రంగు ఇసుమంత కూడా దిగలేదు. మా ఆవిడ దాన్ని ఉతికి దండెం మీద వేసింది. నిన్న సాయంత్రం తీసేయనా అని అడిగితే, ఇంకా ఆరలేదులే, ఉండనియ్ అన్నాను.