బంతిపూల రంగు జెర్సీ

తనూజకు ఫుట్‌బాల్ పిచ్చి తండ్రి నుంచి అంటుకుంది. బీరయ్యకు యాకుత్‌పురా స్టేషన్ వెనక బర్రెల కొట్టం ఉండేది. సాయంత్రం ఇళ్లలో పాలు పోసి, ఖాళీ క్యాన్లు వేలాడే సైకిల్ మీద కూతుర్ని ఎక్కించుకుని నేరుగా మైదానానికి వెళ్లేవాడు. అక్కడ యాకుత్ స్పోర్టింగ్ క్లబ్ ఆట. ముదురు ఆకుపచ్చ జెర్సీలు, దుమ్ము, గోడమీద కూర్చుని అరిచే జనం. జిలానీ అనే పంక్చర్ షాపాయన డప్పు కొడుతుంటే బీరయ్య గొంతు చించుకునేవాడు. ఆయన పోయాక కొట్టం పోయింది గాని, ఆట చూసే అలవాటు తనూజను వదల్లేదు.

పెళ్లయ్యాక ఆమె అఫ్జల్‌గంజ్‌లోని ఒక స్కూల్ యూనిఫాంల దుకాణంలో కుట్టుపని చేసి, తర్వాత స్టేషన్ రోడ్డులో సొంతంగా చిన్న షాపు పెట్టుకుంది. భర్త అమరనాథ్ బస్సు డిపోలో మెకానిక్. కూతురు స్రవ్యను ఆమె ప్రతి ఆటకూ వెంట తీసుకెళ్లేది. క్లబ్ జెర్సీలు ఆమే కుట్టేది. ఆటగాళ్లకు కుట్టడమే కాక, అవే జెర్సీలు అభిమానులకు కూడా అమ్మేది. పేర్లు వేయించుకోవడానికి పిల్లలు, పెద్దలు వచ్చి షాపులో కూర్చుని పోయిన ఆట గురించి గొడవపడేవాళ్లు. ఆ గొడవ ఆమెకు ఇష్టం.

ఈ ఏడు క్లబ్ కొత్త జెర్సీ కావాలంది. సాయంత్రం ఆటల్లో మైదానం లైట్లు మసకగా ఉంటాయి. ముదురు పచ్చ బట్ట చీకట్లో కలిసిపోయి, ఎవరు మనవాడో తెలియక బంతి ఇవ్వలేకపోతున్నామని ఆటగాళ్లు చాలా రోజులుగా మొత్తుకుంటున్నారు. తనూజ నాలుగు రకాల బట్ట తెచ్చి లైట్ల కింద పట్టి చూసింది. బంతిపువ్వు పసుపు దూరం నుంచి కూడా కొట్టొచ్చినట్టు కనిపించింది. కాలరు, చేతుల అంచులు పాత పచ్చలోనే ఉంచింది. క్లబ్ ప్రెసిడెంట్ రామలింగయ్యకు, కమిటీకి నచ్చింది. శుక్రవారం మధ్యాహ్నం ఒక కుర్రాడు జెర్సీ తొడుక్కుని షాపులో నిలబడితే ఫోటో తీసి క్లబ్ వాట్సాప్ గ్రూపులో పెట్టారు.

ట్యూబ్‌లైటు కింద తీసిన ఆ ఫోటోలో పసుపు పసుపులా రాలేదు. అచ్చం కాషాయంలా వచ్చింది.

మొదట నవ్వులే వచ్చాయి. క్యారెట్లు బంతాడతాయా అని ఒకరు, సంత్రాల బండిలా ఉందని ఇంకొకరు. తనూజ కూడా నవ్వుకుంది. చీకటి పడేలోపు ఒక వాయిస్ మెసేజ్ తిరగడం మొదలైంది. ఎవరి గొంతో తెలియదు.

“మన పచ్చ తీసేసిన్రు, కేసరి పెట్టిన్రు. ఎవరు చెప్తే పెట్టిన్రో అడగాలె. షాపు ఎక్కడుందో అందరికీ ఎరుకే.”

పాతబస్తీలో పుట్టి పెరిగిన మనిషికి ఆ మాట అర్థం కావడానికి రెండోసారి వినక్కర్లేదు. తనూజ వెంటనే ఫోన్ అందుకుంది. నిజం చెప్తూ ఇంకో ఫోటో పెడదామని రామలింగయ్యకు ఫోన్ చేస్తే, ఏమీ మాట్లాడొద్దని, మాట్లాడినకొద్దీ పెరుగుతుందని ఆయన అన్నాడు.

మరునాడు పొద్దున ఆమెను అంతకన్నా ఎక్కువ భయపెట్టింది వేరే మనిషి. ఇస్త్రీ చొక్కా, నుదుట బొట్టు, మర్యాదైన మాట. ఏనాడూ ఏ ఆటకూ వచ్చినవాడు కాదు. రంగు బాగా కుదిరిందని మెచ్చుకున్నాడు. ఊరేగింపుకు ఇలాంటివే చాలా కావాలని, వీపు మీద క్లబ్ పేరు బదులు ఒక నినాదం వేయాలని, అది రాసిన కాగితం ఇచ్చి అడిగాడు. ఆ నినాదం చదివి తనూజ కాగితం తిరిగి ఇచ్చేసింది.

“ఇది క్లబ్ జెర్సీ అన్నా. దీని మీద వేరేది ఎయ్యను.”

“సోచ్‌లే అక్కా, ఆలోచించుకో,” అన్నాడతను నవ్వుతూనే. “రేపు నీకు కష్టమొస్తె మేమే రావాలె.”

అతను వెళ్లాక తనూజ షట్టరు సగానికి దించింది. రోడ్డు మీద ఎవరు ఆగినా, ఆ సందులోంచి కాళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి. చెప్పులు చూసి మనిషెవరో పోల్చుకోవడానికి ప్రయత్నిస్తూ మిషను ముందు కూర్చుంది. ఎవరో షాపు బోర్డు ఫోటో, ఆమె పేరుతో సహా, గ్రూపులో పెట్టారని కస్టమరు ఒకామె చెప్పి, బట్టలు తీసుకోకుండానే వెళ్లిపోయింది. అమరనాథ్ మధ్యాహ్నమే డిపో నుంచి వచ్చేశాడు. కొన్నాళ్లు షాపు మూసి, స్రవ్యను తీసుకుని వేరే ఊళ్లో ఉన్న తన అక్క ఇంటికి వెళ్లిపొమ్మన్నాడు. ఆమె వెంటనే కాదనలేదు. బ్యాగులో బట్టలు కూడా పెట్టింది.

ఆమెను తినేస్తున్నది ఇంకొకటి ఉంది. జిలానీ ఫోన్ ఎత్తడం లేదు. బీరయ్య కొట్టంలో పెరుగు తిన్న మనిషి, తనను ఎత్తుకుని గోడమీద కూర్చోబెట్టిన మనిషి. ఆయనా నమ్మాడా? అది తెలియకుండా ఊరు దాటలేననిపించింది. ఒక జెర్సీ కవర్లో పెట్టుకుని, భర్త వద్దంటున్నా బయల్దేరింది. రోజూ నడిచే గల్లీయే. అయినా టీ కొట్టు దగ్గర నలుగురు ఒక్కసారిగా మాట ఆపితే, కవరు చంకలో దాచుకుని నడక వేగం పెంచింది.

జిలానీ ట్యూబును నీళ్లలో ముంచి చూస్తున్నాడు. ఆమెను చూసి లేచి, ముందు రోడ్డు అటూ ఇటూ చూశాడు. తనూజ జెర్సీ తీసి ఎండలో పట్టుకుంది.

“పసుపే కదా,” అన్నాడు ముసలాయన.

“ఫోన్ ఎందుకు ఎత్తలేదు చాచా?”

ఆయన తడి చేతులు లుంగీకి తుడుచుకున్నాడు. “డర్ పట్టింది బేటీ, భయమైంది. నీ దిక్కు మాట్లాడితె మావోళ్లు నన్ను అడుగుతరు. మాట్లాడకపోతె మీ నాయన అడుగుతడు, కలల్లకొచ్చి. ఏం చెయ్యాలె?” జెర్సీ అంచు పట్టి చూశాడు. “ఈ రంగు నాకైతె నచ్చలే. పచ్చనే నా రంగు. గని నువ్వు దేనికి పెట్టినవో నాకెరుకే.”

ఆదివారం ఆటకు వస్తావా అని ఆమె అడిగింది. వస్తాను గాని ఇది తొడుక్కోను అన్నాడు. అది చాలన్నది తనూజ. ఇంటికొచ్చి బ్యాగులో బట్టలు మళ్లీ బీరువాలో పెట్టింది. భయం పోయిందని కాదు. పారిపోతే వాయిస్ మెసేజే నిజమైపోతుందని ఆమెకు తోచింది.

ఆదివారం మైదానం గేటు దగ్గర పోలీసు బండి నిలబడింది. తనూజ ఎప్పటిలాగే బల్ల వేసి జెర్సీలు పరిచింది. పక్కన అమరనాథ్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. జనం వస్తున్నారు, చాలామంది పాత పచ్చలోనే. బల్ల వైపు చూసి పక్కకు తిరిగి వెళ్తున్నారు. ఆట మొదలయ్యే ముందు కొందరు యువకులు గుంపుగా వచ్చి బల్ల చుట్టూ మూగారు. ఒకడు జెర్సీ లాక్కుని ఎండకు ఎత్తి పట్టుకున్నాడు. అమరనాథ్ ముందుకు కదిలాడు. తనూజ అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది.

“అరె, ఇది పీలా ఉంది రా, పసుపే,” అన్నాడా యువకుడు పక్కవాడితో, ఎవరో తనను మోసం చేసినట్టు. జెర్సీ బల్ల మీదకు విసిరి లోపలికి వెళ్లిపోయాడు. మిగతావాళ్లూ వెళ్లారు. తనూజ ఆ జెర్సీని దులిపి మడత పెట్టి మళ్లీ వరసలో ఉంచింది.

జట్టు పసుపులో మైదానంలోకి వచ్చినప్పుడు ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఆట సగమయ్యేదాకా జనం అలాగే బిగుసుకుని ఉన్నారు. లైట్లు వేశాక ఎడమ వైపు నుంచి ఒక పొడుగు పాస్ వచ్చి సరిగ్గా మనవాడి కాలికి తగిలింది. గోల్ కాలేదు. బంతి గోల్ కొయ్యకు తగిలి బయటకు పోయింది. అయినా గోడమీంచి జిలానీ డప్పు మోగింది, కొంచెం గతి తప్పుతూ. ఆయన పాత పచ్చ జెర్సీలోనే ఉన్నాడు. ఆట డ్రాగా ముగిసింది. ఎవరి ఒంటి మీదా దెబ్బ పడలేదు.

ఆ వారంలోనే గ్రూపులో ఇంకేదో పుకారు వచ్చి ఈ లొల్లి మీద దుమ్ము కప్పేసింది. వాయిస్ మెసేజ్ పెట్టినవాడెవడో తెలియలేదు. నినాదం కాగితం తెచ్చిన మనిషి మళ్లీ రాలేదు. పసుపు జెర్సీలు అంతంతమాత్రంగానే అమ్ముడుపోయాయి. వచ్చే ఏటికి లేత పచ్చ చూద్దామని కమిటీ తీర్మానించింది. తనూజ సరేనన్నది.

ఆ సీజన్లో మిగిలిన ఆటలన్నిటికీ ఆమె వెళ్లింది. స్రవ్యను మాత్రం ఒక్కదానికీ తీసుకెళ్లలేదు.