ఒక అట్టలో పదకొండు

కర్నూలు నుంచి కడపకు పోయే బస్సులో, మైదుకూరులో బైండింగు పని చేస్తానంటూ పక్కన కూర్చున్న ముసలి సాయిబు ఒడిలోని పుస్తకంపై మా కళాశాల గ్రంథాలయ ముద్ర చూసి నాకు ఒళ్లు మండింది. అది నూరేళ్లనాటి జర్మన్ విశ్వవిద్యాలయ సిద్ధాంత వ్యాసం. నేను గ్రంథపాలకుడిగా ఉన్నప్పుడు భద్రపరచినది. నా తర్వాతివాళ్లు, ఇంకో ప్రతి ఉంది కదా అని చిత్తుకాగితాలకు అమ్మేశారు.

"మా గ్రంథాలయం పుస్తకాన్ని కొన్నది చించి అట్టలకు అంటించడానికేనా?" అని గద్దించాను.

సాయిబు నిదానంగా బదులిచ్చాడు. "చించేవాన్నయితే ఒళ్లో పెట్టుకోని పోతానా సార్? కుట్టు విప్పి చూస్తి. ఇది ఒగటి గాదు, పదకొండు పుస్తకాలు. కాగితం యాడికాడికి మారతాండాది. సన్నగా ఉండాయని ఎవురో కలిపి కుట్టినారు. మీవోళ్లు పైదాని పేరొక్కటే రాసుకున్యారేమో!"

మావాళ్లు కాదు. పట్టికలో ఆ ఒక్క పేరు రాసి ఊరుకున్నవాణ్ణి నేనే. అమ్మినవాళ్లు నా పట్టికను నమ్మారు. తక్కిన పదింటికీ ఇంకో ప్రతి లేదు.

మైదుకూరులో దిగుతూ ఆయన పుస్తకాన్ని నా ఒడిలో పెట్టి, "కోపం తగ్గినాక అన్ని పేర్లూ రాయండి సార్" అన్నాడు.

పదకొండూ రాశాను. నామీద నాకు కోపం తగ్గేదాకా ఆగి ఉంటే ఇప్పటికీ రాసేవాణ్ణి కాదు.