పూర్తి కాకూడని నెమలి

మా హారికకు బొమ్మలంటే ప్రాణం. తొమ్మిదో తరగతికి దాన్ని అమీర్‌పేటలోని ఒక స్కూల్లో చేర్చడానికి కారణం అక్కడ చూపించిన ఆర్ట్ రూమే. స్టాండ్ల మీద బొమ్మలు, వాటి ముందు కుంచెలు పట్టుకున్న పిల్లలు. తోకకు సగమే రంగు వేసిన ఒక నెమలిని చూసి ముచ్చటపడి, ఆ సాయంత్రమే పంజాగుట్టలో రంగుల పెట్టె కొనిచ్చాను.

ఏడాదంతా, "ఏం గీశావే?" అని అడిగితే, "ఇవాళ కూడా లెక్కలే చెప్పారమ్మా" అనేది. పరీక్షల హడావిడి కాబోలనుకున్నాను.

మళ్లీ అడ్మిషన్లు మొదలయ్యాయి. పొద్దున్నే, "ఇవాళ ఆర్ట్ క్లాసంట!" అని హారిక గంతులేస్తూ వెళ్లింది. ఎర్రమంజిల్‌లో మా పక్కింటి షబానా తన కూతురిని కూడా అక్కడే చేరుస్తానంటే, నేనే వెంటబెట్టుకుని వెళ్లాను.

"జర చూడండి మేడం, పిల్లలు మస్తు గీస్తరు" అంటూ ఆఫీసు సార్ ఆర్ట్ రూమ్ తలుపు తీశాడు.

లోపల మా హారిక. చేతిలో పొడి కుంచె. ఎదురుగా అదే నెమలి, అదే సగం తోక.

"ఏంటే, రంగు వెయ్యవేం?" అన్నాను.

అది సార్ వంక బెదురుగా చూసి, "వెయ్యొద్దన్నారమ్మా. వేస్తే బొమ్మ అయిపోతుందంట" అంది.

షబానా నా చెయ్యి పట్టుకుని, "పోదాం పా అక్కా" అంది. తను వెళ్లిపోగలదు. పదో తరగతి పిల్లను నేనెక్కడికి తీసుకుపోను?

హారిక ఇంకా అక్కడే చదువుతోంది. కుంచె చక్కగా పట్టుకుంటుందట, వచ్చే అడ్మిషన్లకూ దాన్నే కూర్చోబెడతారట.

— ఒక తల్లి, ఎర్రమంజిల్