కార్డు రాలేదమ్మా

కార్డు రానిదే వీరభద్రంగారు సూది ముట్టుకోరు. ఫార్మింగ్టన్ హిల్స్‌లోని తెలుగు ఆడవాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు. ఎందుకంటే అందరూ జాకెట్టు గుడ్డ పట్టుకుని వెళ్ళి, ఆ మాట విని, గుడ్డతోనే తిరిగొచ్చినవాళ్ళు.

ఆయన తెనాలిలో నలభై ఏళ్ళు లేడీస్ టైలరు. ఎవరి దగ్గరా శిష్యరికం చేయలేదు. పాత జాకెట్లు కుట్టు కుట్టూ విప్పి, మళ్ళీ కుట్టి నేర్చుకున్నారు. కూతురు ఉషని చూడటానికి వచ్చారు. ఆయన ఇక్కడ ఉండగానే ఆమెకి సిటిజన్‌షిప్ వచ్చింది. తండ్రికి పిటిషన్ వేసి, దానితోపాటే గ్రీన్‌కార్డు దరఖాస్తు, వర్క్ పర్మిట్ దరఖాస్తు పంపింది. లాయరు ఫోన్‌లో ఒక్క మాట చెప్పాడు: "పిటిషన్ పడింది కదా అని పనికి వెళ్ళకూడదు. వర్క్ పర్మిట్ కార్డు చేతికి రావాలి."

చెప్పినాయన ఆ మాట మరిచిపోయి ఉంటాడు. విన్నాయన మరవలేదు.

మర్నాడు ఉష చొక్కాకి గుండీ ఊడింది.

"నాన్నా, ఇది కాస్త కుట్టిపెట్టవా?"

"కార్డు రాలేదమ్మా."

"ఇంట్లో గుండీ కుడితే పని కాదు నాన్నా. జీతం తీసుకుంటేనే పని."

"నువ్వు నాకు అన్నం పెడుతున్నావుగా?"

ఉష లాయరుకి మళ్ళీ ఫోన్ చేసింది. గుండీ కుట్టుకోవచ్చని ఆయన నవ్వాడు. వీరభద్రంగారు ఒప్పుకోలేదు. "ఆయన నవ్వుతూ చెప్పాడమ్మా. నవ్వుతూ చెప్పింది రేపు కాగితం మీద ఉండదు."

నోరు చట్టానికి లొంగింది కానీ చేతులు లొంగలేదు. పెసరట్టుని నాలుగు మడతలు పెట్టి, బొటనవేలితో చంక గుండ్రం తీసి, ఆ తర్వాతే తినేవారు. సత్యనారాయణ వ్రతంలో ముందు వరస భుజాల కుట్లు చూస్తూ "అరంగుళం, అరంగుళం" అని గొణుక్కునేవారు. అది ఏదో మంత్రమనుకుని పక్కాయన కూడా అందుకున్నాడు.

రెండిళ్ళ అవతలుండే కృష్ణకుమారి మాత్రం పట్టు వదలలేదు. ఏడు జాకెట్టు గుడ్డల సంచి తెచ్చి ఆయన గదిలో పెట్టేసింది. "ఉండనివ్వండి బాబాయిగారూ. కార్డు రాగానే మొదటి నంబరు నాది." ప్రతి ఆదివారం ఫోన్ చేసేది. ప్రతి ఆదివారం అదే జవాబు.

హాసిని ఆయనకి పరిచయమైంది వేలిముద్రలు ఇచ్చే ఆఫీసు లైన్‌లో. ఖమ్మంలో బ్యాంకు ఉద్యోగం వదిలి, ఇక్కడే పుట్టిన అఖిల్‌ని ఇక్కడికే వచ్చి పెళ్ళి చేసుకుంది. ఆమె కాగితాలూ అదే వారం పడ్డాయి. లైన్ ఆయన దగ్గరికి వచ్చి ఆగిపోయింది. యంత్రం మీద ఆయన చూపుడువేలి ముద్ర పడటం లేదు. ఆఫీసరు మూడుసార్లు తుడిచి పెట్టించాడు.

"ఏమంటున్నాడమ్మా?" అని వెనక్కి తిరిగి అడిగారు.

"మీ వేలికి గీతలు లేవంటున్నడు బాబాయ్."

"నలభై ఏళ్ళు సూది పొడిచిందని చెప్పు. నమ్మకపోతే ఒక జాకెట్టు కుట్టి చూపిస్తాను." ఒక్క క్షణం ఆగి కంగారుగా అన్నారు: "వద్దు, అది చెప్పకు. కార్డు రాలేదు."

హాసినికి పగళ్ళు గడిచేవి కావు. అఖిల్ ఎనిమిదింటికి వెళితే ఆరింటికి వచ్చేవాడు. ఎక్కడికి వెళ్ళినా ఎవరో ఒకరు "రోజంతా ఏం చేస్తావ్?" అని అడిగేవాళ్ళు. దీపావళికి ముందు ఆమె పట్టు జాకెట్టు పక్క కుట్టు పిగిలింది. పట్టుకుని వీరభద్రంగారి దగ్గరికి పరిగెత్తింది.

"కార్డు రాలేదమ్మా. మిషను అదిగో. నువ్వు కుట్టు, నేను చెబుతాను."

"నాకెట్ల వస్తది బాబాయ్? సూదిలో దారం ఎక్కియ్యరాదు."

"నాకు పుట్టగానే వచ్చిందా?"

"మరి చెప్పడం పని కాదా?"

"మాట్లాడటానికి పర్మిట్ అక్కర్లేదు. కావాల్సొస్తే మన తెలుగు అసోసియేషన్‌లో సగంమంది విమానం ఎక్కాల్సిందే."

అలా మొదలైంది. ఆయన చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేవారు. ఆమె వంకర కుట్టు వేస్తే ఆయన వేళ్ళు వెనకాల ఒకదాన్నొకటి నలుపుకునేవి. "విప్పు" అనేవారు. విప్పేది. మళ్ళీ "విప్పు." ఉష పాత చీరలు మూడు అలా ముక్కలయ్యాయి. కృష్ణకుమారి సంచి మీద చెయ్యి వేయబోతే మాత్రం ఊరుకునేవారు కాదు. "అది ముట్టుకోకు. ఆవిడ లడ్డూల డబ్బా ఇస్తుంది. లడ్డూ కూడా జీతమే."

జనవరిలో, మంచు మోకాళ్ళ దాకా పడిన రోజు, హాసిని మిషను ఆపేసింది.

"నేను ఖమ్మం పోతా బాబాయ్. అందరికి వస్తున్నయి కార్డులు. నా ఒక్కదానికే ఇట్లయితుంది."

వీరభద్రంగారు కిటికీలోంచి బయటి పోస్టు డబ్బా వైపు కాసేపు చూశారు. "ఒక్కదానికే ఎందుకమ్మా? నాకూ రాలేదుగా. ఆ చెయ్యి కుట్టు పూర్తి చెయ్యి. పైపింగ్ నేర్చుకోకుండా వెళితే ఖమ్మంలో నా పరువు పోతుంది."

పైపింగ్ అయ్యాక ప్రిన్సెస్ కట్ వచ్చింది. అది పూర్తయ్యేసరికి మంచు కరిగింది. ఏప్రిల్‌లో హాసిని తాను కుట్టుకున్న జాకెట్టు తీసుకెళ్ళి, కిరాణా కొట్టు పక్కన బట్టలు సరిచేసే షాపులో చూపించింది. షాపు నడిపే లెబనీస్ ముసలామె దాన్ని తిరగేసి, లోపలి కుట్లు చూసి, జూన్ ఒకటి దాకా కుర్చీ ఖాళీగా ఉంచుతానంది. ఈలోగా కార్డు తేవాలి. తేకపోతే వేరేవాళ్ళు వస్తారు.

మే ఇరవై ఆరున కార్డు వచ్చింది.

హాసిని ఎగిరి గంతేసి, వెంటనే కూలబడింది. పాపం, ఆయనది రాకుండానే తనది వచ్చిందని ఎలా చెప్పడం? రెండు రోజులు కార్డుని బియ్యం డబ్బాలో దాచింది. మూడో రోజు, ఆదివారం, ధైర్యం చేసి వెళ్ళింది కానీ ముందు ఏదో ఒకటి కుడదామని మిషను దగ్గర కూర్చుంది.

"సుద్ద ఎక్కడుంది బాబాయ్?"

"బిస్కెట్ల డబ్బాలో చూడు," అన్నారాయన అలవాటుగా. ఆ వెంటనే "వద్దమ్మా, నేనిస్తా" అని లేచారు. అప్పటికే మూత వచ్చేసింది.

హుక్కుల పొట్లాల కింద ఒక కార్డుంది. దాని మీద, ఫోటోకి కూడా నవ్వని వీరభద్రంగారు. తారీఖు జనవరిది.

వంటింట్లో ఉష కూర కలుపుతూనే ఉంది. కలపాల్సిన దానికంటే ఎక్కువగానే కలిపింది.

"బాబాయ్, అయిదు నెలలయింది మీకు వచ్చి."

"అయింది."

"మరి గుండీ కూడా కుట్టలేదు కదా మీరు."

ఆయన నేల చూశారు. "లైన్‌లో ఇద్దరం కలిసి నిలబడ్డాం. నేను ముందు వెళ్ళిపోతే నువ్వొక్కదానివే మిగులుతావు. పైగా, నేను కత్తెర పట్టుకుంటే నువ్వు పట్టుకునేదానివా?"

హాసిని పర్సులోంచి తన కార్డు తీసి, ఆయన కార్డు పక్కన పెట్టింది. దానికింకా రెండు బియ్యపు గింజలు అంటుకుని ఉన్నాయి.

వీరభద్రంగారు కళ్ళజోడు పెట్టుకుని పేరు చదివారు, తారీఖు చదివారు, గింజలు దులిపారు. "నువ్వు కూడా దాచావూ?"

అంతలో ఫోన్ మోగింది. ఆదివారం కదా, కృష్ణకుమారే.

"బాబాయిగారూ, కార్డు వచ్చిందా?"

ఆయన తన కార్డుని మళ్ళీ హుక్కుల కింద పెట్టి, మూత గట్టిగా నొక్కారు.

"నాది రాలేదమ్మా. మన హాసినిది వచ్చింది. రేపటి నుంచి కిరాణా కొట్టు పక్క షాపులో కూర్చుంటుంది. నీ సంచి ఆమెతోనే పంపిస్తున్నా." అవతలి మాట విని కనుబొమలు ముడిచారు. "నాకంటే బాగా కుడుతుందా అంటే ఏం చెప్పను? లడ్డూలు మాత్రం ఇక్కడికే తీసుకురా."