అయిదో నిబంధన

దుర్గాంబ సూరత్ వచ్చి ముప్పై ఆరేళ్లు. రైల్వే ఉద్యోగి అయిన భర్త వెంట బాపట్ల నుంచి వచ్చింది. ఆయన పోయి పదేళ్లయినా ఆ ఊళ్లో తామున్న ఉధ్నా పేట వదిలిపెట్టలేదు. ఎందుకమ్మా ఇక్కడ ఒంటరిగా అని ఎవరడిగినా, నా బడి ఉంది కదా అనేది. బడి అంటే పెద్ద భవనమనుకునేరు. తెలుగు సమాజం హాల్లో ఓ మూల నల్లబల్ల, నాలుగు చాపలు, అంతే. సాయంత్రం అయిదయ్యేసరికి దగ్గర్లోని వడోద్ పేట నుంచి మగ్గం పనివాళ్ల పిల్లలు బిలబిలమంటూ వచ్చేవారు. పగలంతా హిందీ, గుజరాతీ మాట్లాడి వచ్చిన ఆ పిల్లలకు తెలుగు చదవడం, రాయడం నేర్పడం ఆవిడ పని. ఇరవై రెండేళ్లు నేర్పింది, పైసా తీసుకోలేదు.

ఆవిడకో చాదస్తం ఉండేది. ఈ ఊళ్లో తెలుగు అక్షరం కంటబడటమే అపురూపం కాబట్టి, గోడ మీదైనా పొట్లం కాగితం మీదైనా సరే, కనబడితే పైకి చదవకుండా అక్కణ్ణుంచి కదలకూడదు. చదవలేదని తెలిస్తే మర్నాడు చెవి మెలిపెట్టేది. బాగా చదివితే భేష్ అనేది. ఆ భేష్ కోసం పిల్లలు ప్రాణం పెట్టేవారు.

ఇక్కడ ఓట్ల సంగతి కాస్త చెప్పాలి. చెప్పకపోతే మిగతాదంతా అయోమయంగా ఉంటుంది. సమాజంలో ఆరువందల మంది సభ్యులు. అందులో రెండొందల మంది కోస్తా, సీమల నుంచి వచ్చిన రైల్వే, బ్యాంకు ఉద్యోగులు. మిగతా నాలుగొందలూ తెలంగాణ మగ్గాల వాళ్లు. అధ్యక్షుడు కావాలని తహతహలాడేది ఎప్పుడూ ఉద్యోగులే. వాళ్లలో వాళ్లు సగం సగం చీలి కొట్టుకుచచ్చేవారు, గెలిపించేది మాత్రం మగ్గాల వాళ్లు. అందుకని మూడేళ్లకోసారి ఎంతటి ఆఫీసరైనా వడోద్ ఇరుకు సందుల్లోకి వెళ్లి, చాప మీద కూర్చుని, వాళ్లిచ్చిన చాయ్ తాగి, మీ పిల్లల బడి జోలికి పోనని మాటిచ్చి రావలసిందే. హాలును పెళ్లిళ్లకు అద్దెకిద్దామని ఊదరగొట్టే రఘుపతి వరసగా మూడుసార్లు ఓడిపోయాడు. బడి దుర్గాంబ ఓపిక మీద నడుస్తోందని అందరూ మెచ్చుకునేవారు. అది ఓట్ల మీద నడుస్తోందని ఎవరికీ తట్టలేదు. ఆవిడకూ తట్టలేదు, పిచ్చి మనిషి.

అక్కడ రాష్ట్రం రెండైనా ఇక్కడ సమాజం ఎనిమిదేళ్లు ఒక్కటిగానే ఉంది. ఒక ఏడు జూన్ రెండున హాల్లో రాష్ట్రం పండగ చేసుకుంటామని మగ్గాల వాళ్లు అడిగారు. ఉగాది చేస్తున్నాం కదా, మళ్లీ ఇదో గోలా అని కమిటీలో ఎవరో వెటకారమాడారు. నోరు ఊరుకోదు కదా కొందరికి! ఆ మాట సాయంత్రానికల్లా వడోద్‌లో ప్రతి షెడ్డుకీ పాకింది. నెల తిరక్కుండానే నాలుగొందల మందీ పేర్లు తీయించుకుని వేరే సంఘం పెట్టుకున్నారు.

దానికి పెద్ద సోమలింగం. నలభై ఏళ్లుగా మగ్గం మీద ఉన్న మనిషి. అతని పిల్లలు ముగ్గురూ దుర్గాంబ దగ్గరే అక్షరాలు దిద్దారు, ఇప్పుడు మనవరాలు నవత దిద్దుతోంది. ఓ రోజు చుట్ట చుట్టిన పెద్ద చార్టు పట్టుకుని ఆవిడ ఇంటికొచ్చాడు.

"టీచరమ్మా, రిజిస్ట్రేషన్ కాయితం వకీలు గుజరాతీల రాసిండు. గోడకు మాత్రం మన తెలుగుల ఉండాలె. మీ అక్షరం ముత్యాలోలె ఉంటది, జర రాసియ్యుండ్రి."

ఇంకొకరైతే మొహాన తలుపేసేవారు. దుర్గాంబకు కోపమే రాలేదు. పిల్లలు వేరు కాపురం పెడితే పాలు పొంగించి రావాలి గానీ మూతి ముడుచుకుంటామా అనుకుంది. సంఘం నిబంధనలు ఒక్కొక్కటే అతను చెబుతుంటే గుండ్రంగా రాసుకుపోయింది. అయిదోదాని దగ్గర అతను, సంఘం పనులు మనోళ్లే చూడాలె అన్నాడు. ఆవిడ కలం ఆపింది. మనవాళ్లంటే ఎవరు, రేపు తగాదా వస్తే ఎవరికి వాళ్లు మేమే మనవాళ్లమంటారు, నిబంధన అన్నాక తేటతెల్లంగా ఉండాలి అని మందలించింది. ఎక్కడా సందు లేకుండా తనే కూర్చి రాసి, కింద ఎర్ర గీత కొట్టింది. సోమలింగం మురిసిపోయాడు.

తర్వాతి వేసవిలో సమాజం ఎన్నికలొచ్చాయి. ఈసారి వడోద్ వైపు వెళ్లే పనే ఎవరికీ పడలేదు. రఘుపతి హాయిగా పాత పాటే పాడాడు. అతని మీద నిలబడ్డవాడు కూడా బడి ఊసెత్తలేదు, ఎత్తితే ఉన్న నాలుగు ఓట్లూ పోతాయని భయం. వేరుపడి పోయినవాళ్ల పిల్లలకు మన హాలెందుకన్న మాట అందరికీ న్యాయంగానే తోచింది. రఘుపతి గెలిచిన వారానికే చాపలు చుట్టించాడు. ఆవిడ అడగడానికి వెళితే కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి మరీ చెప్పాడు.

"మీరంటే మాకెంతో గౌరవమండీ. కానీ ఆ పిల్లలు మన సభ్యుల పిల్లలు కారు కదా."

అది నిజమే. నిజం కాబట్టే దుర్గాంబ మంచినీళ్లు తాగి, నమస్కారం పెట్టి లేచింది. ఇంటికొచ్చి రెండు రోజులు పొయ్యి వెలిగించలేదు. మూడో రోజు, మగ్గాల వాళ్ల సంఘానికీ ఓ గది ఉంది కదా అన్న ఆలోచన వచ్చి లేచి కూర్చుంది. వాచకాలు, సుద్దముక్కలు సంచిలో సర్దుకుని ఆదివారం వడోద్ బయలుదేరింది.

మగ్గాల షెడ్డు మీద గది. ఆ రోజు సెలవు కావడంతో కింద చప్పుడు లేదు. సోమలింగం కుర్చీ తుడిచి వేశాడు, నవత పరుగున వచ్చి చెయ్యి పట్టుకుంది. ఆవిడ అడగవలసింది అడిగింది. సోమలింగం దగ్గరికి జరిగి గొంతు తగ్గించాడు.

"వచ్చే నెల మా దాంట్ల గూడ ఎలక్షన్ ఉంది టీచరమ్మా. హాల్ల బడి బందైన కాడికెల్లి, ఆంధ్రామెకు బడి అప్పజెప్తడట అని నా మీద నిలబడ్డ పరమేశ్ జట్టు ఇల్లిల్లు తిరుగుతున్నది. అయిదోది సూపెట్టి అడుగుతున్నరు. నేను ఓడిపోత."

"అయిదోదేమిటి?" అందావిడ. నిజంగానే మరిచిపోయింది.

అతను వెనక్కి చెయ్యి చూపించాడు. గోడ మీద అద్దం కట్టించిన చార్టు ఉంది. నవత అప్పటికే దాని ముందు నిలబడి ఉంది. తెలుగు కనబడితే చదవకుండా కదలకూడదు కదా. ఎర్ర గీత మీద వేలుపెట్టి, కూడబలుక్కోకుండా గడగడా చదివింది.

"సంఘం నడిపే ఏ పనికైనా తెలంగాణలో పుట్టినవారు, వారి సంతతివారు మాత్రమే అర్హులు. ఇతరులను ఎట్టి పరిస్థితిలోనూ అనుమతించరాదు."

ఎక్కడా తడబడలేదు. చదివేసి వెనక్కి తిరిగి, టీచరమ్మ మొహంలోకి ఆశగా చూసింది.

"భేష్" అంది దుర్గాంబ.

సంచి అక్కడే పెట్టేసి లేచింది. మెట్ల మీద కళ్లు కనబడక గోడ పట్టుకుని దిగింది. పైన నవత ఆరోది చదువుతోంది.